సగంలో చుట్టిన పటం

ఇంటర్ రెండో సంవత్సరంలో వ్యాసరచన పోటీలో నాకు మొదటి బహుమతి వచ్చింది. స్టీలు టిఫిను డబ్బా. మూత కొంచెం సొట్టపోయింది గానీ ఇప్పటికీ మా వంటింట్లో ఉంది, అందులో చింతపండు పెట్టుకుంటాను. దేశం మళ్లీ కోలుకోవడానికి మన కళలు, మన భాష ఎట్లా అక్కరకొస్తాయో రాయమన్నారు. రాయమంటే నేను ఊరుకుంటానా! కరువు, ధరలు, నిరుద్యోగం గురించి ఒక పేజీ ఏడ్చి, తక్కిన మూడు పేజీల్లో కోట తోరణాలనూ, వేయిస్తంభాల గుడినీ, తియ్యటి తెలుగునూ విదేశాల వాళ్లకు చూపించి దేశాన్ని నిలబెట్టేశాను. హనుమకొండ కాలేజీ హాల్లో చప్పట్లు మోగిపోయాయి.

ఆ నాలుగు పేజీల్లో మా నాయిన లేడు. పటం కథ చెప్పే మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఆయన కళ వల్ల మా పొయ్యి ఎన్ని రోజులు వెలుగుతుందో, ఎన్ని రోజులు ఆరిపోతుందో కళ్లారా చూస్తూ, ఆ ముక్క రాయాలని నాకు తోచలేదు. తోచలేదనడం కూడా అబద్ధమే. సిగ్గేసింది. అంతే.

పటం అంటే తెలియని వాళ్లుంటారు కాబట్టి చెబుతాను. ముప్పై మూరల పొడవు గుడ్డ. దానికి గంజీ, సుద్దమట్టీ, చింతగింజల జిగురూ పట్టించి, పై నుంచి కింది దాకా వరసగా బొమ్మలు రాస్తారు. రాసేవాళ్లను నకాషీలంటారు. రెండు వెదురు గడలు పాతి, అడ్డకర్రకు పటం కట్టి, ఒక్కో బొమ్మనే విప్పుతూ ఆ బొమ్మ కథ పాడాలి. మా ఇంటి కథ నేతపని వాళ్ల మూలపురుషుడి కథ. వాళ్లకు తప్ప ఇంకెవరికీ మేం చెప్పం, వాళ్లకు మేం తప్ప ఇంకెవరూ చెప్పరు. ధర్మసాగర్ వైపు కొన్ని ఊళ్లు, ములుగు దారిలో కొన్ని, వరంగల్‌లో కొత్తవాడ మా వంతుకు వచ్చాయి. నాయిన పాడేవాడు, అమ్మ వంత పలికేది, చిన్నాయన తాళాలు వేసేవాడు. కథయ్యాక వాళ్లు వడ్లూ జొన్నలూ బట్టలూ పెట్టి, పసుపు కుంకుమ ఇచ్చి పంపేవాళ్లు.

దేవతలకు కట్టుకోను బట్టలేని కాలంలో మొదటి నేతగాడు నూలు వెతుక్కుంటూ అడవికి పోతాడు. అడవిలో రాక్షసుడు అతన్ని చంపుతాడు. అతని ఆలి మగ్గం వదిలి అడవంతా తిరిగి, శవాన్ని వెతికి పట్టుకుని, తల ఒళ్లో పెట్టుకుని ఏడుస్తుంది. ఆ ఏడుపు మా నాయిన పాడుతుంటే ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్లు. 'ఏ పోగు తెగెనో సామీ, ఏ ముడి ఏసి నేనతుకుదు' అని మొదలవుతుంది అది. చిట్టచివరి బొమ్మలో మొగుడూ పెళ్లామూ ఇద్దరూ మగ్గం దగ్గర కూర్చుని నవ్వుతుంటారు. అంటే మధ్యలో అతను బతికాడన్న మాట. ఎట్లా బతికాడో నాకు తెలియదు. చిన్నప్పుడు ఆ ఏడుపు అయ్యేసరికి నేను అమ్మ ఒళ్లో నిద్రపోయేదాన్ని. ఒక్కసారైనా మెలకువగా లేను. ఆ మధ్య బొమ్మల్లో ఒక కొంగ ఉండేది, ఒక ముసలమ్మ ఉండేది, మూతిలేని కుండ ఒకటి ఉండేది. అంతవరకే నాకు గుర్తు.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. ఒకసారి విప్పిన పటాన్ని కథ ముగించకుండా చుట్టకూడదు. అది మా ఇంటి కట్టుబాటు. ఒక ఊళ్లో కథ సగంలో గాలివాన పట్టుకుంది. విన్నవాళ్లంతా ఇళ్లల్లోకి ఉరికారు. నాయినా చిన్నాయనా పటాన్ని దుప్పట్ల కింద మోసుకుపోయి, ఎవరిదో వసారాలో దూలానికి కట్టి, మనిషి లేని చోట పాడి ముగించారు. నాకు తొమ్మిదేళ్లేమో, చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి.

"అందరు పోయిండ్లు గదనే అమ్మా, ఎవలకు చెప్తాండ్లు?" అని అడిగాను.

"బొమ్మలల్ల ఉన్నోళ్లకు. మద్దెల ఇడిసిపెడితె వాళ్లు యాడున్నోళ్లు ఆడనే ఉండిపోతరు బిడ్డా. పాపం గాదా?" అంది అమ్మ.

అంతే కాదు, ఒక కథ సగంలో ఉండగా ఇంకో కథ మొదలుపెట్టే హక్కు చెప్పేవాడికి ఉండదు. పటం మారినా, ఊరు మారినా అంతే. అప్పటికది నాకు మడీ ఆచారంలాగా, ఇంకో పాతకాలపు చాదస్తంలాగా అనిపించింది.

డెబ్బైల్లో కరువు మీద కరువు వచ్చింది. మిల్లు బట్ట ముందు మగ్గం బట్ట నిలవలేదు. నూలు దొరికేది కాదు, దొరికితే కొనే పరిస్థితి లేదు. కొత్తవాడలో పొద్దస్తమానం వినబడే మగ్గాల చప్పుడు పలచబడింది. నేతగాడికే తిండి లేనప్పుడు నేతగాడి కథ ఎవరికి కావాలి? మేం పోతే చేతులు జోడించి, "ఈ యేడు కాదయ్యా, వచ్చే యేడు సూద్దాం" అనేవాళ్లు. చిన్నాయన పెళ్లాం పిల్లల్ని తీసుకుని భివండి మరమగ్గాలకు పోయాడు. అమ్మకు జ్వరం వచ్చింది, దవాఖానలో పదకొండు రోజులుంది, తిరిగి రాలేదు. నాయిన మార్కెట్లో హమాలీగా చేరాడు. మిర్చి బస్తాలు మోసి ఇంటికొచ్చి, గంటసేపు దగ్గి, ఉప్పునీళ్లు పుక్కిలించి, పటం పెట్టెకు ఊదుబత్తి వెలిగించేవాడు. పాటకు బతికిన గొంతు మిర్చి ఘాటుకు పడిపోతుంటే నాకు దుఃఖం వచ్చేది, చెప్పుకోలేక చిరాకు పడేదాన్ని. అంత బస్తా మోసినా నన్ను మాత్రం కాలేజీ మాన్పించలేదు మహానుభావుడు.

నా వ్యాసానికి బహుమతి ఇచ్చింది ఒక ఆఫీసరు. చేతిపనుల శాఖ ఆయన, హైదరాబాదు నుంచి వచ్చాడు. మంచివాడే. ఇది రాసేటప్పుడు ఆయన్ని రాక్షసుణ్ని చేద్దామని నాకు చాలాసార్లు చెయ్యి దురద పెట్టింది, కానీ ఆయన నిజంగా మంచివాడు. పాతకాలపు పటాల కోసం వెతుకుతూ ఒక నకాషీ ఆయన దగ్గరికి పోతే, ఆయన మా ఇంటి దారి చూపించాడట. మా గుమ్మంలో నన్ను చూసి ఆఫీసరు ఆశ్చర్యపోయాడు.

"ఇది మీ ఇల్లా? మరి నీ వ్యాసంలో ఈ సంగతి ఒక్క మాట లేదేమమ్మా?" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. "పేజీలు సరిపోలేదు సర్" అన్నాను.

ఆయన మా కుక్కి మంచం మీద కూర్చుని నాయినకు ఓపికగా చెప్పాడు. దేశం చితికిపోయి ఉంది, ఫ్యాక్టరీలు పెట్టాలంటే చాలా కావాలి, కానీ మన చేతుల్లో ఉన్న పని మనదే కదా అన్నాడు. హైదరాబాదులో ఒక హాలు కడుతున్నాం, పాతవాటిలో మేలైనవి అందులో పెడతాం, బయటి దేశాల వాళ్లు చూసి ఇట్లాంటివి కావాలని అడుగుతారు, నకాషీలకు పని దొరుకుతుంది, నేతవాళ్ల జంపఖానాలకు గిరాకీ వస్తుంది, మీలాంటి వాళ్లకు కార్యక్రమాలు వస్తాయి అన్నాడు. మీ పటమంత పాతదీ అందమైనదీ జిల్లాలో ఇంకోటి లేదు, ఇది ఇస్తే మీకు మా ఖర్చుతో కొత్త పటం రాయిస్తాం అన్నాడు. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. తర్వాత అన్నీ జరిగాయి, ఒక్కటి తప్ప.

నాయిన ఒప్పుకోలేదు. "మా తాత ముత్తాతల సొత్తు సారూ, ఇంటి పెద్దమనిషి లెక్క. ఎట్లిస్త?" అన్నాడు.

ఒప్పించింది నేను. మూడు రోజులు ఆయన్ని తినేశాను.

"ఎలుకలు కొరుకుతానయి నాయినా. వాన పడితె ఇల్లంత కురుస్తాంది. ఆడ గాజు పెట్టెల పెడ్తరు, వందేండ్లు ఉంటది. నువ్వు గా మిర్చి బస్తాలు ఇడిసి మల్ల పాట పాడుకోవచ్చు. దేశానికి పనికొస్తదంటే అద్దంటవా?"

నా వ్యాసంలో రాసినవన్నీ చెప్పాను. నాయిన నా మొహం వైపు చూసి, "సదువుకున్నదానివి, నువ్వే చెప్పు మరి" అన్నాడు. ఆయన ఆ మాట అన్నప్పుడు నాకు ఎంత గర్వమైందో, ఇప్పుడది తలుచుకుంటే అంత సిగ్గేస్తుంది.

ఆఫీసరు ఇంకో పని కూడా చెప్పాడు. కథంతా నాయిన చెప్పిన మాటల్లోనే రాసిమ్మన్నాడు. "అచ్చు వేయిద్దాం. బొమ్మ ఒక్కటే ఉంటే ఎవరికి అర్థమవుతుంది?" అన్నాడు.

నాయిన సంబరపడిపోయాడు. మార్కెట్ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, నా ఎదురుగా పటం ముందు కూర్చున్నట్టే కూర్చుని చెప్పేవాడు. పాట పాడితే రాయలేనని నేనంటే, పాట ఆపి మాటల్లో చెప్పేవాడు. మొదటి రోజు నేతగాడు అడవికి పోయేదాకా చెప్పాడు. నేను రాసుకున్నది చూసుకుంటే నాకే నామోషీ అయ్యింది. 'పోతాండు', 'ఏడుస్తాంది', 'గిట్లయితదా', ఇవన్నీ అచ్చులో పడితే కాలేజీలో నా మొహం ఎట్లా ఎత్తుకోవాలి? మా లెక్చరరు అప్పటికే నా మాట తీరును క్లాసులో అందరి ముందూ వెక్కిరించేది. రెండో రోజు రాక్షసుడు చంపేదాకా వచ్చాడు. మూడో రోజు ఏడుపు అయింది. కొంచెం మంచినీళ్లు తాగి, గొంతు సవరించుకుని, "ఇగ సూడు బిడ్డా, అసలు కథ ఇప్పుడున్నది. ఆమె ఏమంటదంటే" అని మొదలుపెట్టాడు.

నేను కలం మూత పెట్టేశాను. "చాలు నాయినా. ఆనక బతుకుతడు. గంతే గదా! నేను రాసుకుంట తియ్" అన్నాను.

మర్నాడు పరీక్ష ఉండింది నాకు. పరీక్ష లేకపోయినా అదే అనేదాన్నేమో.

"గంతే అంటే గంతేనా" అని నాయిన చిన్నగా నవ్వి లేచిపోయాడు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

మూడు రోజుల కథను నేను ఒక్క పేజీ చేశాను. గ్రాంథికమంతా వెతికి వెతికి పెట్టాను. చివరి వాక్యం నాకు ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా వచ్చు. 'అనంతరము ఆ సాధ్వి పాతివ్రత్య మహిమచే భర్త పునర్జీవితుడయ్యెను.' ఆఫీసరు చదివి, "భాష బాగుంది. ఇంకా పెద్దగా ఉంటుందనుకున్నాను" అన్నాడు. అంతకు మించి ఆయనకు తీరిక లేదు.

పటం తీసుకుపోవడానికి వాళ్లు జీపులో వచ్చారు. ముందు ఫోటోలు తీయాలన్నారు. మా వాకిట్లో పట్టపగలు గడలు పాతారు. పటం విప్పిన తర్వాత పాడకుండా ఉండడం నాయినకు తెలియదు. మార్కెట్ దగ్గుతోనే మొదలుపెట్టాడు. ఫోటో తీసే ఆయన ఒక్కో బొమ్మకూ టక్కున ఫోటో కొట్టి 'తర్వాత' అనేవాడు, నాయిన మాత్రం ఆ బొమ్మ పాట అయితేనే విప్పేవాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. వాడంతా మూగింది. ఆ ఏడుపు బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. పై నుంచి పెద్ద ఆఫీసరు కలెక్టరాఫీసులో ఎదురుచూస్తున్నాడట.

"చాలు పెద్దాయనా, ఇదే అన్నిటికన్నా బాగుంది. మిగతావి అక్కడ తీసుకుంటాం. ఇక చుట్టేద్దాం" అన్నాడు.

నాయిన పాట ఆపి చేతులు జోడించాడు. "జర ఆగుండ్రి సారూ. ఇంకో గంట. ఆమె ఏడుస్తాంది. ఏడుపు కాడ చుట్టద్దు సారూ."

ఆఫీసరుకు ఆ మాటలు సరిగ్గా అందలేదు. నా వైపు తిరిగి, "ఏమంటున్నాడమ్మా?" అని అడిగాడు.

ఉన్నదున్నట్టు చెబితే ఆయన ఆగేవాడు. ఇప్పుడు నాకు ఆ నమ్మకం ఉంది. ఆగేవాడు, ఆ పెద్ద ఆఫీసరుకు కబురు పంపేవాడు, ఆ మాట రాసుకునేవాడు కూడా. కానీ జీపు డ్రైవరు నవ్వుతున్నాడు. ఫోటో ఆయన నవ్వుతున్నాడు. గుడ్డ మీది ఆడమనిషి ఏడుస్తుందని మా నాయిన దండం పెడుతున్నాడు. నాకు ఒళ్లంతా సిగ్గుతో మండిపోయింది.

"ఏం లేదు సర్. తీసుకెళ్లండి" అన్నాను.

నాయిన కదల్లేదు. పటం మీద చెయ్యి వేసి అట్లాగే నిలబడ్డాడు. నేను ముందుకు పోయి ఆయన చెయ్యి తీసి, పటాన్ని కింది నుంచి చుట్టుకుంటూ వచ్చాను. ఆ పటం చుట్టింది ఆఫీసరు కాదు, డ్రైవరు కాదు. నేను. నా రెండు చేతులతో.

ఆరు నెలలకు కొత్త పటం వచ్చింది. చెప్పిన మాట ప్రకారం వాళ్ల ఖర్చుతోనే నకాషీ ఆయన రాశాడు. ఎర్రటి పూత మీద బొమ్మలన్నీ నిగనిగలాడుతున్నాయి. కొత్తవాడ పెద్దలు మేకను కోసి, పటానికి పూజ చేసి, గడలు పాతారు. ఎన్నో యేండ్లకు వాడలో కథ జరగబోతుంది. ముసలమ్మలు చాపలు పట్టుకొచ్చి ముందు వరసలో కూర్చున్నారు. నాయిన కొత్త ధోవతి కట్టుకుని, పటం ముందు నిలబడ్డాడు. పాట ఎత్తుకోకుండానే అందరికీ దండం పెట్టి పక్కకు వచ్చేశాడు.

ఇంటికొచ్చాక నేను గయ్యిమన్నాను. "వాడంత ఎదురుసూస్తాంటె గిదేం పని నాయినా? పరువు తీస్తివి!"

"ముంగటి కథ సగంల ఉన్నది బిడ్డా. ఆమెను ఏడ్వంగ ఇడిసిపెట్టి వస్తి. ఈ కథ ఏ నోటితోని ఎత్తుకుందు?"

"అది బొమ్మ నాయినా! గుడ్డ మీది బొమ్మ!"

"నాకెర్కలేదానె బొమ్మని?" అన్నాడు నాయిన. ఆ ఒక్కసారే గొంతు పెంచాడు. "బొమ్మే. గని చెప్పెటోన్ని నేను గద!"

ఆయన అడిగింది ఒక్కటే. ఒకసారి ఆ పాత పటం ముందు తనను నిలబెడితే చాలు, మిగిలిన కథ పాడి ముగించుకుని వస్తానన్నాడు. రైలెక్కి రెండుసార్లు హైదరాబాదు పోయాడు. మొదటిసారి పటం ఢిల్లీ ప్రదర్శనకు పోయిందన్నారు. రెండోసారి, హాలు పని కాలేదు, స్టోరులో పెట్టి తాళం వేశాం, పైవాళ్ల పర్మిషన్ కావాలన్నారు. మన ఆఫీసరు అప్పటికే బదిలీ అయిపోయాడు. పర్మిషన్ కోసం అర్జీ రాసిపెట్టమని నాయిన నన్ను అడిగాడు. రాస్తానన్నాను. డిగ్రీ పరీక్షలన్నాను, తర్వాత ఉద్యోగం పరీక్షలన్నాను. కథ ముగించడానికి పర్మిషన్ ఇప్పించండి అని ఆఫీసుకు ఎట్లా రాస్తారు, నవ్వరా అనుకున్నాను. బహుమతి వ్యాసం నాలుగు పేజీలు రాసిన చేతికి, ఆ అర్జీ నాలుగు వాక్యాలు రాయడానికి ఏడేళ్లు పట్టింది.

ఆ ఏడేళ్లలో ఒక్కటి తప్ప ఆఫీసరు చెప్పినవన్నీ జరిగాయని చెప్పాను కదా. కొత్తవాడలో మగ్గాలు మళ్లీ లేచాయి. చీరలు నేసిన చేతులే జంపఖానాలు నేసి లారీలకు ఎక్కించాయి. నకాషీ ఆయన ముప్పై మూరల పటాలు మానేసి, చేతిరుమాలంత గుడ్డల మీద ఒక్కో బొమ్మ రాసి అమ్మసాగాడు. ఆయన ఇంటి మీద పెంకులు పోయి స్లాబు పడింది, పిల్లలు చదువుకున్నారు. ఇందులో ఒక్కటీ చెడ్డపని అని నేననను. ఆకలి చూసిన దాన్ని, అట్లా అంటే నోరు పడిపోతుంది. ఒకసారి బజారులో కనబడి ఆయనే అన్నాడు.

"మీ నాయిన పాట లేకుంటె నా బొమ్మ మూగదే బిడ్డా. గని ఏం జెయ్యాలె? మూగదే అమ్ముడుపోతాంది."

కొత్త పటం మా ఇంట్లో పెట్టెలోనే ఉండిపోయింది. నాయిన దానికి రోజూ ఊదుబత్తి వెలిగించి మార్కెట్‌కు పోయేవాడు. ఒక్క కూనిరాగం కూడా ఆయన నోట వినలేదు నేను. పాడుతూ ఉండి ఉంటే అప్పుడైనా, ఎన్నోసార్లకైనా ఆ మిగిలిన కథ నా చెవిన పడేది. కొన్నాళ్లకు యూనివర్సిటీ నుంచి ఒకాయన టేపురికార్డరు పట్టుకుని వచ్చాడు. పాడితే డబ్బులు కూడా ఇస్తామన్నాడు. నాయిన ఆ యంత్రాన్ని అపురూపంగా చూసి, ఆయనకు చాయ్ తాగించి, "కథ సగంల ఉన్నది సారూ, అది కానియ్యి, అప్పుడు ఎంతంటె అంత పాడుత" అని పంపించేశాడు. ఆయన మళ్లీ రాలేదు.

ఒకరోజు బస్తా మోస్తూ నాయిన మార్కెట్లోనే పడిపోయాడు. దవాఖానకు తీసుకుపోయేసరికి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. అన్నీ తెలుస్తున్నాయి, అందరినీ గుర్తుపడుతున్నాడు, నోట్లోంచి మాత్రం గాలి తప్ప ఏమీ రావడం లేదు. డాక్టరు నెమ్మదిగా వస్తుందేమో చూద్దామన్నాడు. రాలేదు. ఇంటికి తెచ్చాక నాయిన ఎడమ చెయ్యి గోడ వైపు ఎత్తి, పై నుంచి కిందికి దించేవాడు. పటం విప్పే తీరు అది. కొత్త పటం తెచ్చి ముందు పెడితే తల అడ్డంగా ఊపేవాడు.

అప్పుడు రాశాను ఆ అర్జీ. నేను అప్పటికి స్కూల్లో టీచరును. నాయిన మాటలు నాయిన మాటల్లాగే పెట్టి రాశాను. పది రోజులకు జవాబు వచ్చింది. హాలు తెరిచారు, ఎవరైనా వచ్చి చూడవచ్చు, ప్రత్యేకంగా పర్మిషన్ ఏమీ అక్కరలేదు అని ఉంది అందులో. ఏడేళ్లు నేను రాయకుండా ఉన్నది దీనికోసమా అని ఆ కాయితం పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

పొద్దున రైలుకు నాయిన్ని కాజీపేట మీదుగా హైదరాబాదు తీసుకుపోయాను. హాలు చల్లగా, శుభ్రంగా ఉంది. నాయినను భుజం కింద పట్టుకుని ఒక్కో గదీ దాటించాను. మూడో గదిలో ఉంది మా పటం. నిలువెత్తు గాజు వెనక, మెత్తటి దీపాల వెలుగులో, ఎలుక కొరకకుండా, వాన తడపకుండా, నేను చెప్పినట్టే ఉంది. గోడ పొడుగు చాలక పైభాగం పైనా, కిందిభాగం కిందా చుట్టేసి, అన్నిటికన్నా బాగున్న బొమ్మ ఒక్కటే కనబడేట్టు పెట్టారు. మొగుడి తల ఒళ్లో పెట్టుకుని ఆమె ఏడుస్తోంది. పక్కన ఫ్రేము కట్టి నా పేజీ పెట్టారు.

నాయిన కింద చుట్టి ఉన్న భాగం వైపు వేలు చూపించి, నా వైపు చూసి, ఎడమ చెయ్యి పై నుంచి కిందికి దించాడు. విప్పమని. అక్కడ కూర్చున్న కాపలా ఆయనను అడిగాను. ఆయన పాపం లేచి వచ్చి, "తాళంచెవి నా దగ్గర ఉండదమ్మా, ఢిల్లీ నుంచి మనుషులొచ్చి పటం పెట్టి తాళమేసుకపోయిండ్రు" అన్నాడు.

నాయినకు ఆ మాట అర్థమైంది. అయినా కాలు ఈడ్చుకుంటూ గాజు దగ్గరికి పోయి నోరు తెరిచాడు. మెడ నరాలు బిగుసుకున్నాయి. గాలి వచ్చింది. మళ్లీ తెరిచాడు. గాలే వచ్చింది. మూడోసారి తెరవలేదు. నా చెయ్యి పట్టుకుని ముందుకు లాగి, గాజు ముందు, తను నిలబడాల్సిన చోట నన్ను నిలబెట్టాడు.

నేను పాడాను. బడి పిల్లలకు పద్యాలు చెప్పే గొంతుతో, అమ్మ పలికిన వంత గుర్తు చేసుకుంటూ, 'ఏ పోగు తెగెనో సామీ, ఏ ముడి ఏసి నేనతుకుదు' అని పాడాను. నాయిన కళ్లు మూసుకుని తల ఊపాడు. ఆ మాట మళ్లీ పాడాను. మూడోసారి కూడా అదే పాడాను. నాయిన కళ్లు తెరిచి, తర్వాత అన్నట్టు చెయ్యి కిందికి దించాడు.

"ఆనక బతికిండు నాయినా" అన్నాను.

ఎట్లా అన్నట్టు ఎడమ అరచెయ్యి నా ముందు తిప్పాడు.

నేను గోడ మీది నా పేజీ వైపు చూశాను. అందులో లేదు. కొంగ అన్నాను, ముసలమ్మ అన్నాను, కుండ అన్నాను. నాయిన ఒక్కోదానికీ ఆత్రంగా తల ఊపాడు, ఊ, చెప్పు అన్నట్టు. ఆ మూడింటికీ ఒకదానికొకటి ఏమవుతుందో నాకు తెలియదు. నాయినకు తెలుసు. గాజు వెనక ఆమె ఏడుస్తూనే ఉంది. నాయిన ఆ చెయ్యి అట్లాగే తెరిచి పట్టుకుని, నేను చెబుతానని ఎదురుచూస్తూ నిలబడ్డాడు.